పర్దా వెనుక రెండో సఫా

తఖ్తీ మీద అలిఫ్ బే దిద్దిన పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. తఖ్తీకి రెండు వైపులు. ఒకవైపు రాసింది ఉస్తాద్‌కు చూపిస్తున్నప్పుడే రెండోవైపు తర్వాతి సబఖ్ సిద్ధంగా ఉంచుకోవచ్చు. తిప్పితే చాలు. కంప్యూటర్ తెరకు కూడా ఒకప్పుడు ఇలాంటి వైపులే ఉండేవి. బేసిక్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లు వాటిని పేజీలు అన్నారు. మనకు అలవాటైన మాట కాబట్టి నేను సఫా అంటాను.

ఈ సఫాల తారీఖ్ చిన్నది. 1981లో మొదలై, పది పన్నెండేళ్లలో ముగిసింది. ఇప్పుడు ఫోన్లు పట్టుకు తిరిగే పిల్లలకు దీంతో పని లేదు. అయినా రాయాలనిపించింది. ఎందుకంటే రంగుల్లేని తెరకు రెండో సఫా తెచ్చిపెట్టింది తన రస్మ్-ఉల్-ఖత్‌కు మిషన్‌లో జాగా దొరకని ఒక పరదేశీ విద్యార్థి. మన ఉర్దూకూ తెలుగుకూ అదే మిషన్‌లో అదే గతి పట్టింది కాబట్టి ఈ కథ మనకు దూరపు కథేమీ కాదు.

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించింది. తెర కోసం రెండు కార్డుల్లో ఒకటి కొనుక్కోవాలి. ఒకటి రంగుల కార్డు, పేరు సీజీఏ. రెండోది మోనోక్రోమ్ కార్డు, పేరు ఎండీఏ. ఆఫీసుల కోసం చేసింది ఈ రెండోదే. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, వరుసకు 80, మొత్తం 25 వరుసలు. అక్షరాలు చాలా స్పష్టంగా ఉండేవి. ఒక్కో అక్షరానికి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు ఉన్న గది. రంగుల కార్డులో ఆ గది 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు మాత్రమే. రోజంతా లెక్కలు, ఉత్తరాలు చూసే గుమాస్తా కళ్లకు ఎండీఏ నిజంగా ఒక ఎహసాన్.

కానీ ఆ కార్డుకు రెండు పరిమితులున్నాయి. మొదటిది, అది అక్షరాలు తప్ప ఇంకేమీ చూపించలేదు. గీత గియ్యమంటే గియ్యదు, చుక్క పెట్టమంటే పెట్టదు. 256 గుర్తుల ఆకారాలు ఒక చిప్‌లో శాశ్వతంగా కాల్చి పెట్టారు, వాటిలోంచే ఏరుకోవాలి. ఆ 256లో ఇంగ్లీషు అక్షరాలున్నాయి, యూరప్ భాషల అచ్చులు కొన్ని, గ్రీకు అక్షరాలు కొన్ని, డబ్బాలు గీసుకునే గీతలు ఉన్నాయి. నవ్వే ముఖాలు రెండున్నాయి. పేకముక్కల గుర్తులు నాలుగూ ఉన్నాయి. ఇస్పేటుకు జాగా దొరికింది, అలిఫ్‌కు దొరకలేదు. తెలుగు 'అ'కూ దొరకలేదు.

రెండో పరిమితి జ్ఞాపకశక్తి. ఎండీఏ కార్డు మీద తెర కోసం ఉన్న మెమరీ 4 కిలోబైట్లు, అంటే 4,096 బైట్లు. తెర మీద 2,000 గదులు. గదికి రెండు బైట్లు: ఒకటి ఏ అక్షరమో చెప్పడానికి, ఒకటి దాని రూపు, అంటే మెరవాలా, కింద గీత కావాలా అని చెప్పడానికి. మొత్తం 4,000. ఇక మిగిలింది 96 బైట్లు. ఆ చివరి ముక్కలో ఒక వరుస కూడా పట్టదు. అంటే ఒక తెరకు ఒకటే సఫా. తఖ్తీకి రెండో వైపు లేదు.

రంగుల కార్డులో 16 కిలోబైట్లు. అదే 80 అక్షరాల తెరను అందులో నాలుగు సార్లు ఉంచవచ్చు. 40 అక్షరాల పెద్ద రాత అయితే ఎనిమిది సార్లు. బేసిక్ రాసినవాళ్లు ఈ సౌకర్యాన్ని స్క్రీన్ అనే ఒకే హుకుంలో పెట్టారు. ఆ హుకుంలో నాలుగు అంకెలు: మొదటిది తెర రకం, రెండోది రంగు ఉండాలా వద్దా, మూడోది రాసే సఫా, నాలుగోది చూపించే సఫా. 'స్క్రీన్ 0, 1, 1, 0' అంటే రాత ఒకటో నంబరు సఫాలోకి పోతుంది, చూసేవాడికి మాత్రం సున్నా నంబరు సఫా కనిపిస్తూ ఉంటుంది. రాత పూర్తయ్యాక చివరి అంకెను 1 చేస్తే మొత్తం సఫా ఒక్కసారిగా తెర మీదికి వస్తుంది. సూఫీ బుజుర్గులు చెప్పే జాహిర్, బాతిన్ గుర్తొస్తే తప్పు నాది కాదు. చూపించే సఫా జాహిర్, రాసే సఫా బాతిన్.

ఇది సరదా కోసం పెట్టింది కాదు. ఆ రోజుల్లో బేసిక్ చాలా నెమ్మది. ఒక్కో వరుస మీ కళ్లముందే మెల్లగా పడేది. దుకాణంలో సరుకుల జాబితా చూస్తున్నవాడు సహాయం కావాలని ఒక మీట నొక్కితే, సహాయపు తెర మొత్తం మళ్లీ రాసి, తర్వాత జాబితా మొత్తం మళ్లీ రాయాలి. సఫాలుంటే రెండూ ముందే రాసి పెట్టుకోవచ్చు, తిప్పడానికి రెప్పపాటు చాలు. కదిలే బొమ్మకైతే ఇది ప్రాణం. కనిపిస్తున్న సఫా మీదే చెరిపి గీస్తే బొమ్మ వణుకుతుంది. కనిపించని సఫా మీద గీసి తిప్పితే నడిచినట్టుంటుంది.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఐబీఎం బేసిక్‌లో రంగుల కార్డుకు ఈ సఫాలు అక్షరాల తెరలోనే దొరికేవి. గీతలు, బొమ్మలు గీసే తెరకు మారితే 16 కిలోబైట్లూ ఆ ఒక్క తెరకే ఖర్చయ్యేవి. కాబట్టి లెక్క ఇలా తేలింది. రంగుల కార్డువాడికి రాతకు నాలుగు సఫాలు, బొమ్మకు ఒకటి. మోనో కార్డువాడికి రాతకు ఒకటి, బొమ్మకు సున్నా. వాడు బొమ్మల తెర అడిగితే బేసిక్ ఇచ్చే జవాబు 'ఇల్లీగల్ ఫంక్షన్ కాల్'. నాజాయజ్ కోరిక అన్నమాట!

ఇక్కడే వాన్ సువన్నుకూల్ వస్తాడు. అమెరికాలో డాక్టరేట్ చేస్తున్న థాయ్‌లాండ్ మనిషి. తన థీసిస్ పనిని ఐబీఎం పీసీ మీద థాయ్ లిపిలో చేసుకోవాలనుకున్నాడు. థాయ్ లిపిలో 44 హల్లులు. అచ్చుల గుర్తులు హల్లు ముందు, వెనక, పైన, కింద ఎక్కడైనా వస్తాయి. పైన అచ్చు ఉంటే దాని పైన మళ్లీ స్వరం చెప్పే గుర్తు. ఒక్క అక్షరం నాలుగు అంతస్తులు. తెలుగువాళ్లకు ఇది వింతగా ఉండదు. 'స్త్రీ' రాసి చూడండి, పైన గుడి దీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఉర్దూలోనూ జేర్, జబర్, నుక్తాలు పైనా కిందా చేరతాయి. ఇలాంటి లిపి ఎండీఏలో అసలు కుదరదు, ఆకారాలు చిప్‌లో బిగించేశారు. సీజీఏలో చుక్కలు పెట్టనిస్తుంది గానీ తెర ఎత్తు మొత్తం 200 చుక్కలు. నాలుగు అంతస్తులు కట్టాలంటే ఒక పేజీలో ఎన్ని వరుసలు మిగులుతాయి?

ఆయన మిషన్‌ను తిట్టుకుని ఊరుకోలేదు. సొంత కార్డు చేసుకున్నాడు. 1982లో కెవిన్ జెంకిన్స్ అనే సహచరుడితో కలిసి కాలిఫోర్నియాలోని హెర్క్యులిస్ అనే ఊళ్లో కంపెనీ పెట్టి, ఆ ఊరి పేరే దానికి పెట్టాడు. (ఆ ఊరికి ఆ పేరు గ్రీకు వీరుడి నుంచి నేరుగా రాలేదు. అక్కడ తయారైన డైనమైట్ నుంచి వచ్చింది.) కార్డు పేరు హెర్క్యులిస్ గ్రాఫిక్స్ కార్డ్. ఐబీఎం మోనో మానిటర్‌కే తగిలించుకోవచ్చు. మామూలప్పుడు అచ్చం ఎండీఏ లాగా స్పష్టమైన అక్షరాలు చూపిస్తుంది. అడిగితే తెర మీది ప్రతి చుక్కనూ మీ చేతికిస్తుంది: అడ్డంగా 720, నిలువుగా 348.

348 అన్న ఆ వింత అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతారు. ఎండీఏ తెర ఎత్తు 350. హెర్క్యులిస్ గీతలను నాలుగేసి చొప్పున కట్టలు కట్టి గుర్తుపెట్టుకుంటుంది. 350 నాలుగుతో భాగారం కాదు, 348 అవుతుంది. 87 కట్టలు. అందుకని రెండు గీతలు వదిలేశారు.

చుక్కకు ఒక బిట్ చొప్పున హిసాబ్ వేస్తే గీతకు 90 బైట్లు, 348 గీతలకు 31,320. ఇది 32 కిలోబైట్లలో ఇమిడిపోతుంది. కార్డు మీద ఉన్నది 64 కిలోబైట్లు. అంటే నిండైన బొమ్మల సఫాలు రెండు! రాతకు ఒక్క సఫాతో బతికిన మోనో తెరకు ఇప్పుడు రంగుల కార్డువాడికి కూడా లేనిది దొరికింది. వాడికి బొమ్మల సఫా ఒకటే, చుక్కలు 640కి 200. వీడికి రెండు, 720కి 348.

రెండో సఫాతో ఒక హమ్‌సాయా మస్‌అలా వచ్చింది. మిషన్ మెమరీ ఒక పొడవాటి వీధి లాంటిది, ప్రతి పరికరానికీ అందులో ఇంటి నంబర్లున్నాయి. హెర్క్యులిస్ మొదటి సఫా మోనో కార్డుల జాగాలో ఉంది. రెండో సఫా సరిగ్గా సీజీఏ ఇంటి నంబరు దగ్గర మొదలవుతుంది. ఒకే కంప్యూటర్‌లో రెండు కార్డులూ పెట్టుకున్నవాళ్లు ఆ రోజుల్లో తక్కువేమీ కాదు, లెక్కలు ఒక తెర మీద, బొమ్మలు ఇంకో తెర మీద. రెండో సఫా తెరిస్తే పొరుగువాడి ఇంట్లోకి వెళ్లినట్టే. అందుకే కార్డు ఆన్ అయినప్పుడు ఆ సఫా మూసే ఉంటుంది. యజమాని ఇజాజత్ ఇవ్వాలి. కార్డుతో వచ్చిన చిన్న ప్రోగ్రాముకు 'హాఫ్' అని చెబితే ఒక్క సఫా, పొరుగు క్షేమం. 'ఫుల్' అంటే రెండు సఫాలూ. పొరుగు హక్కుల గురించి జుమా ఖుత్బాల్లో వింటూ పెరిగినవాణ్ని కాబట్టి ఈ ఏర్పాటు గురించి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది.

మరి బేసిక్ ఈ సఫాలను గుర్తించిందా? లేదు. మిషన్‌లో ఉన్నాయి, స్క్రీన్ హుకుంకు మాత్రం మాలూం లేదు. ఐబీఎం తన మిషన్ లోపలి మూల ప్రోగ్రాముల్లో హెర్క్యులిస్ పేరు ఎప్పుడూ చేర్చలేదు, వాటి మీద ఆధారపడిన బేసిక్ కూడా అంతే. ఈ ఉదాసీనతను వ్యాపారం అని సర్దిచెప్పేవాళ్లున్నారు. నాకైతే అది అసలు అవసరమేమిటో చూడని తనం. పరాయివాడు చేసిన పరిష్కారాన్ని లక్షల మంది వాడుతున్నా దస్తూర్‌లో రాయకపోవడం.

కాబట్టి బేసిక్ రాసేవాళ్లు దొడ్డిదారి పట్టారు. 'ఔట్' అనే హుకుంతో కార్డుకు నేరుగా అంకెలు పంపవచ్చు. 959 అనే ద్వారానికి 3 పంపితే రెండు సఫాలకూ ఇజాజత్, 1 పంపితే ఒక్కదానికే. తెరను నడిపే చిప్‌కు పన్నెండు అంకెలు ఒక క్రమంలో ఇవ్వాలి. అక్కడ అంకె తప్పితే మానిటరే పాడయ్యే ప్రమాదం ఉండేది, అందుకని ఆ జాబితాను అమ్మమ్మల నుస్ఖా లాగా జాగ్రత్తగా ఎక్కించుకునేవారు. తర్వాత 952 అనే ద్వారానికి 10 పంపితే మొదటి సఫా కనిపిస్తుంది, 138 పంపితే రెండోది. తేడా 128, అంటే ఒక్క బిట్. ఆ ఒక్క బిట్‌లో తెర మొత్తం తిరగబడుతుంది.

ఇక చుక్క పెట్టడం. పక్కపక్క గీతలు మెమరీలో పక్కపక్కన ఉండవు. కట్టలోని నాలుగు గీతలు నాలుగు మొహల్లాల్లో ఉంటాయి, మొహల్లాకు 8,192 బైట్ల దూరం. అడ్డంగా 100, నిలువుగా 5 దగ్గర చుక్క కావాలనుకుందాం. 5ను 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి రెండో మొహల్లా: 8,192. భాగఫలం 1, కాబట్టి ఇంకో 90. 100ను 8తో భాగిస్తే 12. మొత్తం 8,294వ బైటు. అందులో ఎనిమిది బిట్లలో ఎడమ నుంచి ఐదోది, విలువ 8. రెండో సఫాలో కావాలంటే ఇంకో 32,768 కలపాలి. ఒక్క చుక్కకు ఇంత. నెమ్మదైన బేసిక్‌లో ఒక బొమ్మ నిండేసరికి చాయ్ తాగి రావచ్చు. కనిపించని సఫా అవసరం ఎవరికైనా ఉందంటే వీళ్లకే. కొందరు బొమ్మ మొత్తాన్ని డిస్కులో దాచుకుని, 'బీలోడ్' హుకుంతో నేరుగా రెండో సఫాలోకి దించి, తర్వాత 138 పంపేవారు.

కార్డు బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. కారణం థాయ్ లిపి కాదు. 1983 జనవరిలో లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాం వచ్చింది, అది హెర్క్యులిస్‌ను గుర్తించింది. అంకెలూ, వాటి గ్రాఫులూ ఒకే మోనో తెర మీద. రెండు మానిటర్ల ఖర్చు తప్పింది. తైవాన్ వగైరా దేశాల నుంచి దాని నకళ్లు చవగ్గా వచ్చాయి. 1990లలో మన దేశపు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో మోనో మానిటర్ల వెనుక ఉన్నవి ఎక్కువగా ఆ నకళ్లే. హర్ఫ్ కోసం పుట్టిన కార్డు హిసాబ్ కోసం ఇల్లిల్లూ చేరింది. దాన్ని వాడినవాళ్లలో ఎంతమందికి దాని పుట్టుక తెలుసు?

మైక్రోసాఫ్ట్ బేసిక్‌లో దానికి అధికారిక జాగా దొరకడానికి 1987 ప్రాంతం దాకా పట్టింది. క్విక్‌బేసిక్ 4లో 'స్క్రీన్ 3' అంటే హెర్క్యులిస్. ముందుగా ఒక చిన్న డ్రైవర్ ఎక్కించాలి, తర్వాతి కూర్పుల్లో దాని పేరు ఎంఎస్‌హెర్క్. అది ఎక్కించకపోతే మళ్లీ పాత జవాబే, నాజాయజ్ కోరిక. ఎక్కిస్తే రెండు సఫాలు. 'స్క్రీన్ 3, , 1, 0' అంటే రాసేది రెండోదానిలో, చూపేది మొదటిదాన్ని. ఒక సఫాను ఇంకోదానిలోకి నఖల్ చేయడానికి 'పీకాపీ'. మిషన్‌లో రెండో కార్డు ఉంటే ఒక్క సఫాతో సరిపెట్టుకోవాలి. పొరుగు హక్కు బేసిక్ పుస్తకంలోకి కూడా ఎక్కింది. ఆ మధ్యలో, 1984లో, ఐబీఎం కూడా ఈజీఏ కార్డుతో మోనో తెరకు బొమ్మలు ఇచ్చింది. దాని నంబరు స్క్రీన్ 10. అది చాలా మెమరీ అడిగేది, మోనో మానిటర్ కొనేవాడి బడ్జెట్‌కు అందేది కాదు.

ఇప్పుడు అసలు సవాల్. స్క్రీన్ 3 దొరికింది, రెండు సఫాలు దొరికాయి. ఉర్దూ దొరికిందా? 'ప్రింట్' అంటే మళ్లీ ఇంగ్లీషు అక్షరాలే, అదే 9కి 14 గదుల్లో, ఎడమ నుంచి కుడికి. మన హర్ఫ్ కావాలంటే చుక్కలు పేర్చి గీసుకోవాలి. కాతిబ్‌లు నస్తలీఖ్‌లో అక్షరాలను నుక్తాతో కొలుస్తారు, కలం ఒక్కసారి ఆనిస్తే పడే చుక్కతో. అలిఫ్ ఎత్తు మూడు నుక్తాలు. హెర్క్యులిస్ చుక్క చతురస్రం కాదు, వెడల్పు కంటే ఎత్తు ఒకటిన్నర రెట్లు. కాబట్టి తెర మీద నుక్తాకు 9 చుక్కల వెడల్పు ఇస్తే ఎత్తు 6 సరిపోతుంది, అలిఫ్ 18 చుక్కలు అవుతుంది. ప్రింట్ ఇచ్చే 14 చుక్కల గదిలో మన మొట్టమొదటి హర్ఫే పట్టదు. పైగా నస్తలీఖ్‌లో లఫ్జ్ కుడివైపు పై నుంచి ఎడమవైపు కిందికి జారుతుంది, పక్క హర్ఫ్‌ను బట్టి ప్రతిదీ రూపం మార్చుకుంటుంది. గదులు కట్టి పేర్చే లిపి కాదది.

1986లో వచ్చిన హెర్క్యులిస్ ప్లస్ కార్డులో, మనకు కావలసిన ఆకారాలు మనమే నింపుకునే 3,072 గుర్తుల ఏర్పాటు ఉంది. తన మొదటి అవసరాన్ని వాన్ సువన్నుకూల్ కంపెనీ మర్చిపోలేదని దీన్ని చూస్తే అనిపిస్తుంది. థాయ్‌కి, బహుశా తెలుగుకు కూడా అది సరిపోయేది. నస్తలీఖ్‌కు సరిపోదు. ఐబీఎం పీసీ వచ్చిన 1981లోనే కరాచీకి చెందిన మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ కంపెనీ కోసం నూరీ నస్తలీఖ్ పూర్తి చేశాడు. లఫ్జ్ ముక్కలకు ముక్కలుగా, సుమారు 20 వేల ఆకారాలు చేత్తో రాసి. 256 ఎక్కడ, 20 వేలు ఎక్కడ! అది పెద్ద ప్రెస్సులు కొనే ఖరీదైన మిషన్ల కోసం. మామూలు పీసీ మీదికి ఆ నస్తలీఖ్ నడిచి రావడానికి 1994 దాకా ఆగాలి, ఢిల్లీ వాళ్లు ఇన్‌పేజ్ చేసేదాకా. అప్పటికి సఫాల కాలం అయిపోవచ్చింది, విండోస్ వచ్చేసింది. ఈలోపు చాలా ఉర్దూ అఖ్బార్లలో కాతిబ్‌లే రాశారు. హెడ్డింగ్ నుంచి సంతాప ప్రకటన దాకా.

హెర్క్యులిస్ కంపెనీ 1998లో ఒక జర్మన్ సంస్థ చేతికి, మరుసటి ఏడాది దాని పేరు ఫ్రెంచి గిల్లెమో సంస్థ చేతికి పోయాయి. ఎంఎస్-డాస్ 5తో 1991లో వచ్చిన క్యూబేసిక్ సహాయపు పుటల్లో మాత్రం స్క్రీన్ 3 అలాగే ఉంది: 720కి 348, రెండు సఫాలు.

ఇంట్లో పిల్లలకు ఆసక్తి ఉంటే చూపించవచ్చు. డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం సెట్టింగుల్లో 'మెషీన్' అన్న చోట హెర్క్యులిస్ అని పెడితే పాత మోనో కార్డు నఖల్ లేస్తుంది. అందులో క్యూబేసిక్, ఎంఎస్‌హెర్క్ ఎక్కించి, 'స్క్రీన్ 3, , 1, 0' అని రాయండి. 'లైన్' హుకుంతో 9 చుక్కల వెడల్పు, 18 చుక్కల ఎత్తు నిండిన గీత ఒకటి గీయమనండి. తెర మీద ఏమీ రాదు. తర్వాతి వరుసలో 'స్క్రీన్ 3, , 1, 1' అని రాయండి. అలిఫ్ కనిపిస్తుంది. కాస్త లావు అలిఫ్. వెడల్పు 3 చేసి చూడమనండి.